దీక్షా శిబిరంలో నేను చెక్కిన చెంచా

ముందే చెప్తున్నాను, ఆ రోజు నేను పూరీలు తినలేదు. పూరీలే కాదు, ఒక్క మెతుకు కూడా ముట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా జనగామలో పాత దోస్తు ఎవడైనా ఎదురైతే "ఏం చారీ, పూరీలు అయినయా?" అని అడుగుతున్నాడు. అందుకే అసలు సంగతి ఇవాళ మీకు పూసగుచ్చినట్టు చెప్పేస్తాను. టీ తాగుతూ వినండి. నవ్వొస్తే మాత్రం గ్లాసు కింద పెట్టి నవ్వండి, మా ఆవిడ లలిత మొన్ననే సోఫాకు కొత్త కవర్లు వేసింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేనప్పుడు జనగామలో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మాది తరిగొప్పుల పక్క ఊరు. మా బాపు వడ్రంగి. ఆయన చేతి దర్వాజా లేని ఇల్లు ఆ చుట్టుపక్కల వెతికితే గానీ దొరకదు. నేనేమో చదువుకున్నాను. అంటే ఉలి ముట్టుకోలేదని అర్థం. చిన్నప్పుడు ఒకసారి ముట్టుకుంటే బొటనవేలు తెగింది, ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను కొట్టం వైపు పోనివ్వలేదు. బాపు కూడా బలవంతం చేయలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా మిఠాయిలు పంచాడు గానీ, ఆ సాయంత్రం కట్టె చెక్కే తన బాడిసను నూనె గుడ్డతో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇలా ఉండగా మా ఆఫీసుకి ఇంటర్నెట్ వచ్చింది. ప్రజల పనులు త్వరగా కావాలని ఇచ్చారు. నేను దాన్ని మధ్యాహ్నం పూట వీడియోలకు వాడాను. ఒక వీడియోలో ఎవరో తెల్లాయన, మంచు కురిసే అడవిలో ఒంటరిగా టెంటు వేసుకుని, చిన్న గొడ్డలితో కట్టె చీల్చి, కత్తితో చెంచా చెక్కి, ఆ చెంచాతోనే సూప్ తాగుతున్నాడు. ఎంత ప్రశాంతంగా ఉన్నాడు! బాసు లేడు, ఫైలు లేదు, అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషి లేడు. ఆహా, జీవితమంటే ఇదీ అనుకున్నాను. వడ్రంగి కొడుకుని, కట్టెతో చెంచా చెక్కొచ్చని కంప్యూటర్ చూసి నేర్చుకున్నాను. నవ్వండి, పర్లేదు.

అదే సమయంలో భూపాలపల్లిలో పనిచేసే దోస్తు ఒకడు ఫోన్ చేశాడు. "అరే, ఈడ అడివి ఎంత మంచిగుంటది తెల్సా! వాగు పక్కన పండుకోవచ్చు. ఒక శనారం రా!" అన్నాడు. ఇంకేముంది, మరుసటి ఆదివారమే అడవి సామాను కొనడానికి సికింద్రాబాద్ బండెక్కాను.

ఆ దుకాణంలో అడుగు పెట్టడమే తప్పు. గోడంతా వేలాడుతున్న సామాను చూసి నాకు కళ్ళు తిరిగాయి. షాపాయన నన్ను పైనుంచి కిందకు ఒక చూపు చూసి, వీడికి ఏమీ తెలియదని కనిపెట్టేశాడు. అయినా గౌరవంగానే అడిగాడు.

"సార్ ట్రెక్కింగా, క్యాంపింగా?"

"రెండూ," అన్నాను. ఈ రెండిటికీ తేడా నాకు ఇప్పటికీ తెలియదు.

చేతిగొడ్డలి కొన్నాను. మడిచే రంపం కొన్నాను. రాసుకుంటే నిప్పు రవ్వలు వచ్చే ఇనుప పుల్ల కొన్నాను, మా ఇంట్లో అగ్గిపెట్టెలు లేనట్టు. ఒకదానిలో ఒకటి దూరే గిన్నెలు, అరచేతిలో పట్టే గ్యాసు పొయ్యి, నెత్తికి కట్టుకునే లైటు, ఇవన్నీ మోయడానికి మిలిటరీ పచ్చ రంగు సంచి. దిక్సూచి కూడా తీసుకున్నాను. జనగామ నుంచి భూపాలపల్లికి పోయే బస్సు డ్రైవర్‌కి అది అవసరం పడుతుందేమోనని కాబోలు. ఆఖరున టెంటు. "ఫోర్ మ్యాన్ టెంట్ సార్, నలుగురు ఆరామ్‌గా పడుకుంటరు," అన్నాడు. ఆ నలుగురు ఏ దేశంవాళ్ళో నేను అడగలేదు.

ఇంటికొచ్చి సంచి విప్పితే, చెక్కడానికి కొన్న కత్తుల జతలో ఒక కత్తి వంకరగా ఉంది! మామూలు వంకర కాదు, కొస మొత్తం గుండ్రంగా తిరిగిపోయి కొక్కెంలా ఉంది. నాకు ఒళ్ళు మండింది. పల్లెటూరోడు కదా అని డిఫెక్ట్ పీసు అంటగడతాడా? మళ్ళీ ఆదివారం మళ్ళీ బండెక్కి, కౌంటర్ మీద ఆ కత్తి పెట్టి, "ఏందిది? వంగిపోయిన కత్తి అమ్ముతరా?" అని గట్టిగా అడిగాను. షాపాయన కత్తి వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, మానేసి, "సారీ సార్" అని తిన్నటి కత్తి చేతిలో పెట్టాడు. నేను గెలిచినట్టు ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను. ఈ కత్తి సంగతి గుర్తుంచుకోండి.

లలిత ఆ సామానంతా మంచం మీద పరిచి చూసి, నెమ్మదిగా అంది. "ఏమయ్యా, ఇంట్ల కొబ్బరికాయ కొట్టమంటే పక్కింటాయన్ని పిలుస్తవ్. గీ గొడ్డలి ఎవరి కోసం?"

"అడవిలో కట్టెలు కొట్టడానికి."

"పచ్చ సంచి, గొడ్డలి, కత్తులు ఏసుకొని భూపాలపల్లి అడివిల తిరుగుతవా? పోలీసులు నిన్ను చూసి ఏమనుకుంటరో జర ఆలోచించినవా? అడివిలున్న అన్నలు నిన్ను చూసి ఏమనుకుంటరో ఆలోచించినవా? ఇద్దరి నడుమ నువ్వు చెంచా చెక్కుతానని చెప్తే ఎవరు నమ్ముతరు?"

అంతలో నా అదృష్టం కొద్దీ సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బస్సులు బంద్. భూపాలపల్లి ప్రయాణం కూడా బంద్. సామానంతా మంచం కిందికి పోయింది.

సమ్మెలో మా పని ఏమిటంటే, చౌరస్తాలో షామియానా కింద రిలే నిరాహార దీక్ష. రోజుకు ఐదుగురు పొద్దున దండలు వేసుకుని కూర్చోవాలి, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. మా శిబిరానికి పెద్ద యాదగిరి సార్. సీనియర్ అసిస్టెంటు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, నియమమంటే నియమమే. ఒకసారి దీక్షలో ఉన్నవాడు వక్కపొడి నోట్లో వేసుకుంటే లేపి ఇంటికి పంపించాడు.

మా శిబిరం ఎదురుగా మల్లేశం హోటల్. పూరీలకు పేరు. ఉద్యోగులు ఆకలితో కూర్చుంటే వాళ్ళ ముందు నూనె మరిగించడం పాపమని, సమ్మె మొదలైన రోజే మల్లేశం తనంతట తానే పొయ్యి ఆర్పేశాడు. ఎవరూ అడగలేదు. రోజూ మూసిన హోటల్ అరుగు మీద కూర్చుని మాతో పాటు "జై తెలంగాణ" అనేవాడు. ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. అందుకే తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా వంతు రేపనగా, షామియానా ఇచ్చిన టెంట్ హౌస్ ఖాజా భాయ్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"యాదగిరి సాబ్, ఇన్నొద్దులు మీకాడనే ఉన్నది గదా. రేపొక్క రోజు మాఫ్ జెయ్యండ్రి. మానుకోటల మా అక్క బిడ్డ షాదీ. మామ టెంట్ హౌస్ పెట్టుకొని, బిడ్డ పెండ్లికి బయటికెల్లి షామియానా తెస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

న్యాయమే కదా. మానుకోట అంటే మహబూబాబాద్, దగ్గరేం కాదు. పొద్దున తీసుకుపోతే మళ్ళీ మర్నాడే వస్తుంది. యాదగిరి సార్ తల పట్టుకున్నాడు. "ఆకాశం జూస్తే మబ్బులున్నయ్. వాన కొడితే ఎట్ల? ఒక్క దినం బంద్ పెడితే, ఉద్యోగులు సల్లబడ్డరని పేపర్ల రాస్తరు."

అప్పుడు లేచాను నేను. ఎవరూ నన్ను లేవమనలేదు.

"సార్, నా దగ్గర టెంటుంది. ఇంపోర్టెడ్. తుఫానుకు కూడా ఏం కాదు."

"ఎంతమంది పడుతరు?"

"నలుగురని రాసుంది సార్. మనం ఐదుగురం సర్దుకోవచ్చు."

ఆ రాత్రే బాపు ఊరినుంచి ఫోన్ చేశాడు. "రేపు నువ్వు కూసుంటున్నవట గదా. ఊరోళ్ళందరం ఆటోలు మాట్లాడుకొని వస్తున్నం. దండ గూడ తెస్తున్న." ఆ గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినిపించింది. నా గురించి బాపు ఊరందరికీ చెప్పుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని రావడం అదే మొదటిసారి. పరీక్ష పాసైనప్పుడు కూడా ఒక్కడే వచ్చాడు. రేపు ఆయన ముందు తల ఎత్తుకుని కూర్చోవాలి, అంతే, ఇంకేం వద్దు అనుకున్నాను.

పొద్దున్నే సామానంతా మోసుకుపోయాను. టెంటు ఒక్కటి తీసుకుపోతే చాలదా అంటారా? చాలదు. గొడ్డలి, రంపం, కత్తులు కొని ఇన్ని రోజులైంది, ఇంతవరకు లలిత తప్ప ఎవరూ చూడలేదు! కత్తులకు తుప్పు పట్టకుండా రాయడానికి లలిత వంటింట్లోంచి పల్లినూనె కూడా చిన్న సీసాలో పోసుకున్నాను.

టెంటు నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. కర్రలు లోపల దూర్చాలో బయట దూర్చాలో కాగితంలో బొమ్మ ఉంది గానీ, ఆ బొమ్మలో మనిషికి మూడు చేతులున్నట్టు కనిపించింది. ఒకవైపు లేపితే ఇంకోవైపు పడుతోంది. మల్లేశం అరుగు మీది జనం ఉద్యమం మర్చిపోయి నన్నే చూస్తున్నారు. "నీ టెంటు లేశేలోపల తెలంగాణ అచ్చేటట్టున్నది చారీ!" అని ఎవరో అరిచారు. ఒక వేపకొమ్మ అడ్డొస్తే నా మడత రంపంతో కోసేశాను. ఆ రోజు మొత్తం మీద నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఆ పచ్చి కట్టెలో మూరెడు ముక్క సంచిలో వేసుకున్నాను.

పదింటికి దండలు పడ్డాయి. ఐదుగురం లోపల కూర్చున్నాం. షాపాయన 'ఆరామ్‌గా' అన్న మాట గుర్తొచ్చింది. నా మోకాళ్ళు యాదగిరి సార్ వీపులో ఉన్నాయి. మా సెక్షన్ ముగ్గురివి ఎవరి కాళ్ళు ఎవరివో లెక్క తేలలేదు. అయినా తలుపు తెరిచే ఉంది, రోడ్డు మీద జనానికి మేం కనిపిస్తున్నాం, నినాదాలు నడుస్తున్నాయి.

పన్నెండు దాటాక వాన దంచింది. జల్లు నేరుగా లోపలికి కొడుతోంది. యాదగిరి సార్ ముందు కూర్చున్నాడేమో, నిలువునా తడిసిపోయాడు. "చారీ, ఆ తలుపు ముయ్యవయ్యా!" అన్నాడు. సర్రున జిప్పు లాగేశాను.

ఇక్కడే, అయ్యలారా, నా తెలివి మొత్తం బయటపడింది. నిరాహార దీక్ష అనేది జనం చూడడానికి చేసేది. ఇన్ని రోజులు షామియానా కింద, నాలుగు వైపులా తెరిచి, అందరి కళ్ళ ముందు కూర్చున్నాం. మేం తినడం లేదని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఐదుగురం ఒక గుడ్డ డబ్బాలో దూరి, లోపలినుంచి జిప్పు వేసుకున్నాం. ఇది ఎలా కనిపిస్తుందో మా ఐదుగురిలో ఒక్కడికీ తట్టలేదు. యాభై ఏళ్ళు దాటిన యాదగిరి సార్‌కే తట్టలేదు, నాకేం తడుతుంది.

సార్‌కు వణుకు మొదలైంది. ఖాళీ కడుపు, తడిబట్టలు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాకు భయమేసింది, పెద్దమనిషి, ఏమైనా అయితే? "సార్, మంచినీళ్ళు తాగొచ్చు కదా, వేడినీళ్ళైతే తప్పేంటి?" అన్నాను. కాసేపు ఆలోచించి, "నీళ్ళు నీళ్ళే," అని తీర్పు ఇచ్చాడు. అంతే, అరచేతి పొయ్యి బయటికి తీశాను. లోపల పొయ్యి వెలిగించవద్దని టెంటుకు ఎర్రక్షరాలతో కుట్టి ఉంది. అది నేను నెల తర్వాత చదివాను.

సార్ వేడినీళ్ళు తాగి, ఒరిగి, కునుకు తీశాడు. మిగతా ముగ్గురు అప్పటికే గుర్రు. వాన ఆగలేదు. నాకేమో ఆకలి. ఆకలి మర్చిపోవాలంటే చేతికి పని ఉండాలి. సంచిలో వేపకట్టె ఉంది, కత్తి ఉంది, ఇంతకన్నా మంచి ముహూర్తం ఎప్పుడొస్తుంది? చెంచా చెక్కడం మొదలుపెట్టాను. నిరాహార దీక్షలో చెంచా! ఇంకేదైనా చెక్కొచ్చు కదా, బొంగరం చెక్కొచ్చు, చీపురుకి కర్ర చెక్కొచ్చు. లేదు. తెల్లాయన చెంచా చెక్కాడు, నేనూ చెంచానే చెక్కాలి.

రెండు గంటలు చెక్కాను. పిడి వచ్చింది. ముందు భాగం గుండ్రంగా వచ్చింది. గుంత మాత్రం రావడం లేదు. తిన్నటి కత్తి కొసతో గుచ్చితే గీత పడుతోంది గానీ లోతు పడడం లేదు. గుంత సంగతి తర్వాత చూద్దాంలే, ముందు నూనె పట్టిద్దాం అనుకున్నాను. చెంచాకు నూనె పట్టించాలని వీడియోలో చూశాను మరి. వేడి నూనె అయితే కట్టె బాగా పీల్చుకుంటుందని నా సొంత తెలివి. గిన్నెలో పల్లినూనె పోసి, పొయ్యి మీద పెట్టాను.

వాన వెలిసింది. ఆ చల్లటి గాలిలో, ఎన్నో రోజులుగా నూనె వాసన ఎరగని ఆ చౌరస్తాలో, మా టెంటు నెత్తిన ఉన్న చిన్న కిటికీలోంచి మరిగే పల్లినూనె వాసన కమ్మగా బయటికి పోయింది.

మొదట మల్లేశం గొంతు వినిపించింది. "ఆగుండ్రి, ఆగుండ్రి. నూనె కాగుతున్నది. నాకు తెల్వదా నూనె వాసన? ఎక్కడికెల్లి?"

వెంటనే ఇంకెవరో అరిచారు.

"టెంటు మీదికెల్లి ఆవిర్లు వస్తున్నయ్ చూడుండ్రి! అగో!"

"గందుకే జిప్పు పెట్టుకున్నరు!"

"మీకోసమని నా పొయ్యి ఆర్పుకుంటి గదరా!" మల్లేశం గొంతు వణికింది. "నా ఇంట్ల ఎట్ల ఎల్తుందో మీకేమన్న ఎరికేనా? లోపట కూసొని పూరీలు కాల్చుకుంటున్నరా?"

కోపం కాదు, అది బాధ. అది విని పొయ్యి ఆర్పడం కూడా మర్చిపోయాను. యాదగిరి సార్ ఉలిక్కిపడి లేచి, పొయ్యి చూసి, గిన్నె చూసి, నా చేతిలో చెంచా చూసి, కంగారుగా అరిచాడు.

"తలుపు తియ్యి చారీ! తియ్యవయ్యా!"

లాగాను. జిప్పు రాలేదు. నా పూలదండ దారం అందులో ఇరుక్కుంది. గట్టిగా లాగితే గుడ్డ కూడా ఇరుక్కుంది. బయట జనం గుమిగూడారు. "తియ్యరేంది? మూతులు తుడుసుకుంటున్నరా?" "ఇంకో వాయి అయ్యేదాంక ఆగమంటున్నరు!" నవ్వులు. మేం లోపల కదిలిన కొద్దీ టెంటు అటూ ఇటూ ఊగుతోంది. "అగో, పెనుగులాడుతున్నరు, ఆఖరి పూరి కోసం!"

సరిగ్గా అప్పుడే ఆటోల హారన్లు. "జై తెలంగాణ! వీరాచారి జిందాబాద్!" మా ఊరివాళ్ళు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆ నినాదం సగంలో ఆగిపోయింది. ఎవరో వాళ్ళకు సంగతి చెప్పినట్టున్నారు.

తర్వాత బాపు గొంతు, గుడ్డకు అవతల, చాలా దగ్గరగా. "వీరా."

"బాపు."

"తిన్నవా?"

"లేదు బాపు. అమ్మతోడు."

ఇంకేమీ అడగలేదు. ఎక్కడికి పోయినా బాపు భుజాన సంచిలో ఒకటి రెండు పనిముట్లు ఉంటాయి. ఉలి తీసి, టెంటు పైనుంచి కిందిదాకా ఒక్క గీత గీశాడు. నా ఇంపోర్టెడ్, తుఫానుకు కూడా ఏం కాని టెంటు పెండ్లినాటి పరదాలా రెండుగా తెరుచుకుంది.

లోపలి దృశ్యం ఏమిటో మీరే ఊహించుకోండి. మెడలో దండలతో ఐదుగురు నిరాహార దీక్షాపరులు. మధ్యలో పొయ్యి. పొయ్యి మీద మరిగే నూనె. నా చేతిలో చెంచా.

మల్లేశం చెంచా వైపు వేలు చూపించాడు. "ఇగ చెప్పు. గిదేంది? చెంచా లేకుంట తినలేరా మీరు?"

"చెంచా... చెక్కుతున్న అన్నా. నేనే చెక్కిన."

జనం గొల్లుమన్నారు. "దీక్షల కూసొని చెంచా చెక్కుడేందిరా? గొంతు మీద కత్తి పెట్టినా గింత ఉల్టా అబద్ధం రాదు!" అన్నారు ఎవరో. నిజం చెప్పినందుకు ఇంత అవమానం నాకు జీవితంలో ఎప్పుడూ జరగలేదు. యాదగిరి సార్ తల దించుకున్నాడు. మా ఊరివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. బాపు చేతిలో బంతిపూల దండ అలాగే ఉంది. ఆ దండ చూస్తే నాకు ఏడుపొచ్చింది.

బాపు దండను పక్కాయన చేతికిచ్చి, నా చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. ఒక కన్ను మూసి, దర్వాజా చెక్క వంకర చూసినట్టు పొడుగునా చూశాడు. గోటితో గీరాడు. వాసన చూశాడు. నలభై ఏళ్ళు కట్టె పని చేసిన మనిషి, అంత శ్రద్ధగా ఒక చెంచాను చూస్తుంటే చుట్టూ సద్దుమణిగింది.

"గిది కొన్నది గాదు," అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా. "పైసలు తీసుకొని గింత అన్యాలంగా ఎవ్వడు చెయ్యడు. గిది మావోడు చెక్కిందే, ఇయ్యాల్నే చెక్కిండు. కట్టె ఇంక పచ్చిగున్నది, బొగ్గెలు ఆయన ధోతి నిండ ఉన్నయ్ చూడుండ్రి."

అందరూ యాదగిరి సార్ ధోతి వైపు చూశారు. నిజమే, చెక్క తునకలన్నీ ఆయన ఒళ్ళోనే పడ్డాయి.

"ఇంకోటి. దీంతోని ఎవ్వడు ఏం తినలేడు. తెడ్డు అందామంటే పొట్టిగున్నది, చెంచా అందామంటే గుంత లేదు. పప్పు పోస్తే పప్పు కారిపోతది, కూర పెడితే కూర జారిపోతది. మల్లేశం, నువ్వు హోటల్ నడిపినోనివి. చెప్పు, గీ చెంచాతోని తింటరా మనుషులు?"

మల్లేశం చెంచా తీసుకున్నాడు. అనుమానం ఇంకా పోలేదు. ఎంగిలో కాదో తేల్చేస్తానని నాలుక కొసకు ఆనించాడు. మొహం వంకర్లు తిరిగిపోయింది. తూ తూ అని పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మేశాడు.

"పచ్చి ఏప!" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "ఏపకట్టెతోని చెంచా జేశిండు!"

"అగో," అన్నాడు బాపు.

మల్లేశం నా వైపు చూశాడు. నూనె వైపు చూశాడు. మళ్ళీ చెంచా వైపు చూశాడు. ఆ మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. కోపమే నయం అనిపించింది నాకు. "నిజమేనయ్యా," అన్నాడు జనం వైపు తిరిగి. "తిననీకి చేసినోడు ఎవ్వడు గిసుంటిది చెయ్యడు. పాపం, అమాయకులు. నేను తొందరపడ్డ."

అంతే, అలా బయటపడ్డాం. మా నిజాయితీ వల్ల కాదు, మా త్యాగం వల్ల కాదు. నాకు పని రాదని నా కన్నతండ్రి నడిబజార్లో సాక్ష్యం చెప్పి రుజువు చేశాడు కాబట్టి, జనగామ ఉద్యోగుల పరువు నిలబడింది. "జై తెలంగాణ" నినాదాలు మళ్ళీ మొదలయ్యాయి. సాయంత్రం బాపే నాకు నిమ్మరసం ఇచ్చాడు, దండ వేశాడు. నిమ్మరసంలో చక్కెర కలపడానికి ఎవరో నా చెంచా అడిగితే యాదగిరి సార్ కళ్ళెర్రజేశాడు.

ఆటో ఎక్కేముందు బాపు నన్ను పక్కకు పిలిచాడు. చెంచా ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"గుంత దేంతోని తియ్యాలనుకున్నవురా?"

తిన్నటి కత్తి చూపించాను. నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక పనిముట్టు తీశాడు. పాతది, పిడి అరిగి నున్నగా అయింది. దాని కొస గుండ్రంగా తిరిగిపోయి, అచ్చం కొక్కెంలా ఉంది. నేను సికింద్రాబాద్‌లో గొడవపడి వాపస్ ఇచ్చిన కత్తి ఎలా ఉందో, అలాగే.

"గుంతలకు గిదే కావాలె. మీ తాత చేయించిండు," అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "కట్టె ముట్టినవ్, సంతోషం. రేపు పొద్దుగాల ఇంటికి రా. గుంత తీసుడు నేర్పిస్త. గంట పని," అన్నాడు.

ఉద్యోగం వచ్చిన సాయంత్రం బాడిస తుడుస్తూ ఆయన ఎందుకు అంతసేపు కూర్చున్నాడో నాకు ఆ క్షణాన అర్థమైంది. "తప్పకుండా వస్తా బాపు," అన్నాను.

మర్నాడు ఖాజా భాయ్ మానుకోట నుంచి షామియానా తెచ్చి దింపుతూనే, "చారి సాబ్, పూరీలు మంచిగున్నయట గదా!" అన్నాడు. బస్సులు బంద్, రైళ్ళు బంద్, ఆ ఒక్క ముచ్చట మాత్రం మానుకోట దాకా పోయొచ్చింది. అబద్ధమని తేలిన సంగతి ఇంకా జనగామ దాటలేదు. భూపాలపల్లి దోస్తు కూడా ఫోన్ చేశాడు. అడవికి రమ్మని కాదు, పూరీల్లోకి కూర ఏం చేశామని.

గొడ్డలితో లలిత ఇప్పుడు కొబ్బరికాయలు కొడుతోంది. చిరిగిన టెంటు బాపు వాకిట్లో కట్టెలు తడవకుండా కప్పడానికి పనికొచ్చింది. చెంచా మా వంటింటి మేకుకు వేలాడుతోంది. మరి గుంత అంటారా? మర్నాడు పోదామనుకున్నాను, ర్యాలీ ఉండింది. ఆ తర్వాత సమ్మె అయిపోయింది, ఫైళ్ళు పేరుకున్నాయి. ఆ తర్వాత ఎన్నికల డ్యూటీ. మొన్న దసరాకు కూడా బాపు ఫోన్ చేసి, "ఎప్పుడొస్తవురా, గంట పని" అన్నాడు. "వచ్చే ఆదివారం పక్కా" అని మాటిచ్చాను.

నేను ఫోన్ పెట్టేయగానే లలిత మేకుకున్న చెంచా తీసి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టింది.

"ఏమయ్యా, తెలంగాణ అచ్చింది. జనగామ జిల్లా అయింది, మానుకోట జిల్లా అయింది, నువ్వు పోని భూపాలపల్లి గూడ జిల్లా అయింది. నీ చెంచాకు గుంత కాలేదు!"